కొండ కింది ట్యాంకుకు గోడా, వలా? ముందు యాంకర్ల సంగతి అడగండి

అడిగిన ప్రశ్న ఇది: "మా ఊరి కొండ కిందే మంచినీళ్ళ ట్యాంకు, పంపు గది ఉన్నాయి. వాన గట్టిగా పడినప్పుడల్లా పైనుంచి గుండ్లు దొర్లి వస్తున్నాయి. ఇనుప వల వేయిస్తామని అంటున్నారు. వల రాయిని ఆపుతుందా? ఆ డబ్బుతో గట్టి రాతిగోడ కట్టించుకోవడం మేలు కదా?"

ఆపుతుంది, అన్నా. అందులో నాకు అనుమానమే లేదు. కాకపోతే అందరూ వల ఎంత గట్టిదని అడుగుతారు, ఆ వలను కొండకు పట్టి ఉంచే యాంకర్ల గురించి ఒక్కరూ అడగరు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. నాపరాళ్ళ గనుల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. సమ్మెట, పలుగు, జాక్‌హ్యామర్ మా ఇంట్లో మగవాళ్ళందరికీ చేతి పనిముట్లే. గనుల్లో పని పలచబడ్డాక కొండలకు వలలు వేసే కాంట్రాక్టర్ల దగ్గర డ్రిల్లింగ్‌కు చేరాను. నడుముకు తాడు కట్టుకుని కొండకు వేలాడుతూ బోర్లు వేయడం, వాటిలో రాడ్డో తీగతాడో దించి సిమెంటు పాలు పట్టించడం నా పని. యాంకర్లంటే ఇవే. కొంకణ్ వైపు చేశాను, మన అనంతపురం వైపూ చేశాను.

మన సీమలో కొండలు ప్రధానంగా రెండు తీరులు. నల్లమల, పాలకొండల వైపు గట్టి క్వార్ట్‌జైట్ బండలు, వాటి కింద మెత్తటి షేల్ పొరలు ఉంటాయి. వానకు, ఎండకు కింది పొర అరిగిపోతుంది. పైబండ ముందుకు పొడుచుకొచ్చి, ఏదో ఒక వానకు పెళ్ళలుగా ఊడి పడుతుంది. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం వైపు గ్రానైటు. పగుళ్ళ వెంట నీళ్ళు దిగి, మూలలు కరిగి, బండ గుండ్రంగా తేలుతుంది. దాని కింది మట్టి కొట్టుకుపోయిన రోజు కదులుతుంది. పెళ్ళ అయితే పడినచోట ఎంతో కొంత ఆగుతుంది, గుండు దొర్లుతూనే పోతుంది. మీరు గుండ్లు అన్నారు కాబట్టి మీ కొండ రెండో తీరుది.

ఇప్పుడు గోడ సంగతి. మీటరు అడ్డుకొలత ఉన్న గ్రానైటు గుండు దాదాపు 1.4 టన్నులు తూగుతుంది. అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఇది చాలామందికి తట్టదు. ఆ మీటరు గుండు 30 మీటర్ల ఎత్తు నుంచి దారిలో దేనికీ తగలకుండా వస్తే దాని శక్తి సుమారు 400 కిలోజౌళ్ళు, వేగం గంటకు 85 కిలోమీటర్ల పైమాటే. గోడ కదలదు కాబట్టి ఆ శక్తినంతా జానెడు లోపలే మింగాలి. 10 సెంటీమీటర్లలో ఆపాలంటే దెబ్బ సగటున 400 టన్నుల బరువుతో సమానం. అదే గుండును 4 మీటర్ల దూరం పోనిచ్చి ఆపితే సగటున 10 టన్నులు చాలు. లెక్క మొత్తం ఇక్కడే ఉంది. వల సాగుతుంది, అందుకే గెలుస్తుంది. రాతిగోడ బీటలు వారడంతో పోదు, దాని రాళ్ళే లేచి మీ పంపు గది మీద పడతాయి. ఘాట్ మలుపుల్లో పిట్టగోడకు గుండు తగిలిన చోట రోడ్డు మీద చూడండి, కొండరాయి ఒకటి ఉంటే గోడరాళ్ళు పది ఉంటాయి.

వల అంటే కోళ్ళ గూటికి కట్టే జాలీ అనుకోవద్దు. గట్టి ఉక్కుతీగను చుట్టి చేసిన ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. ప్రపంచ యుద్ధాల కాలంలో జలాంతర్గాములను అడ్డుకునేందుకు సముద్రంలో వేలాడదీసిన వలల నుంచి వచ్చిన పద్ధతి ఇది. వలను ఉక్కు స్తంభాలు పట్టుకుంటాయి. చాలా రకాల్లో స్తంభం అడుగున కీలు ఉంటుంది, దెబ్బకు వంగడానికి వీలుగా. స్తంభం తల నుంచి కొండ పైవైపుకు తీగతాళ్ళు పోతాయి. ఆ తాళ్ళ మీద బ్రేకులు ఉంటాయి, కొన్నింటిలో చుట్ట చుట్టిన గొట్టం. తాడు లాగేకొద్దీ ఆ చుట్ట బిగుసుకుంటూ రాపిడితో శక్తిని తినేస్తుంది. స్విట్జర్లాండులో వాలెన్‌స్టాట్ అనే చోట ఇలాంటి వలల మీదికి 32 మీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు దిమ్మెలు వదిలి పరీక్షిస్తారు. యూరప్‌లో 2008లో వీటికి పరీక్ష నియమాలు కూడా పెట్టారు. అందులో నాకు నచ్చింది ఒకటుంది. వల ఆపగలిగే గరిష్ఠ శక్తిలో మూడో వంతు దెబ్బను, మధ్యలో బాగుచేయకుండా, వరసగా రెండుసార్లు తట్టుకోవాలి. ఒక రాయి పడ్డాక రెండోది మనం వచ్చేదాకా ఆగదు కదా.

ఇంత మంచి వస్తువు ఎక్కడ ఓడిపోతుందో చెప్తాను. అనంతపురం వైపు, మీలాగే కొండ కింద ఒక మంచినీళ్ళ పంపు గదికి వల పని. మేం పోయేసరికి ముందు గ్యాంగు సగం యాంకర్లు వేసి పోయింది. కాంట్రాక్టరు తొందరగా వల కట్టేసి బిల్లు పెట్టుకోవాలని చూస్తున్నాడు. పని చూసే ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. "లాగి చూడకుండా నేను సంతకం పెట్టను" అని కూర్చుంది. కాంట్రాక్టరు నచ్చజెప్పాడు, ఫోన్లు చేయించాడు, ఆమె కదల్లేదు.

యాంకర్ మీద ముక్కాలి స్టాండు పెట్టి, దాని మీద నడుమ బెజ్జం ఉన్న జాకీ ఎక్కించి, చేత్తో పంపు కొడతారు. పక్కన గేజీ ఉంటుంది. మొదటిది నేనే పట్టాను. ముల్లు నిదానంగా ఎక్కుతా ఉంది. డిజైన్లో చెప్పిన బరువులో సగానికి కూడా రాలేదు, ముల్లు ఆగింది. ఇంకో రెండు పంపులు కొట్టాను. ముల్లు కిందికి దిగింది, తాడు మాత్రం పైకి వస్తా ఉంది. పూర్తిగా లాగి చూస్తే సిమెంటు కడ్డీ చెక్కుచెదరకుండా తాడుతో సహా బయటికొచ్చింది. దాని చుట్టూ ఎర్రమట్టి పూత. రాతిని పట్టుకున్న గుర్తు ఒక్కచోట లేదు. బోరు వేశాక గాలి కొట్టి దుమ్ము ఊదలేదన్నమాట. దుమ్ము మీద పోసిన సిమెంటు దేన్ని పట్టుకుంటుంది? పైగా బోరు మొరంలోనే ఆపేశారు, రాయి తగిలేదాకా పోలేదు. ఆ అమ్మాయి కడ్డీని చేతిలోకి తీసుకుని గోటితో మట్టి గీకి చూసింది, "అన్నా, మిగతావన్నీ లాగండి" అంది. చాలావరకు అట్లే వచ్చాయి.

మళ్ళీ మొదటి నుంచి వేశాం. రాయి తగిలాక కూడా లోపలికి పోయాం. ప్రతి బోరునూ గాలితో ఊదాం. ఒకచోట పగుళ్ళు ఎక్కువై సిమెంటు పాలు ఎన్ని బస్తాలు పోసినా నిండలేదు. అప్పుడు తాడుకు గుడ్డసంచి తొడిగి దించి, అందులోనే పాలు నింపాం. సిమెంటు గట్టిపడ్డాక కొన్నింటిని ఏరి లాగి చూశాకే వల ఎక్కింది.

తర్వాత నవంబరులో తుపాను వాన పట్టింది. తెల్లవారి పోతే పంపు గది వాచ్‌మన్ తాత ఎదురొచ్చి, "ఏమప్పా, మీ వల పాడైపాయ" అన్నాడు. రాత్రి పైనుంచి చిన్నరాళ్ళు చిటపటా రాలాయంట, తర్వాత దబ్బుమని శబ్దం, వెంటనే రైలు బ్రేకు వేసినట్టు కీచుమన్నదంట. పైకెక్కి చూశాం. నా రొమ్మెత్తు గుండు వల పొట్టలో కూర్చుని ఉంది. ఒక పక్క ఎండకు నల్లబడిన పాతచర్మం, ఇంకో పక్క ఇంతకాలం భూమిలో ఉన్న ఎర్రమట్టి తడి. రాయి ఒరుసుకున్న చోట ఉంగరాలు కొత్త తీగలా మెరుస్తున్నాయి. రెండు బ్రేకు చుట్టలు బాగా బిగుసుకుపోయాయి. ఒక స్తంభం పల్లం వైపు వాలింది. కొండ మీద సీతాఫలం చెట్లు విరిగిన దారి, బండల మీద గుండు ఎగిరెగిరి తగిలిన తెల్లటి గంట్లు వరసగా కనిపిస్తున్నాయి. నేను నేరుగా యాంకర్ల దగ్గరికే పోయాను. ఒక్కటి కదల్లేదు. "పాడు కాలేదు తాతా, వల చేయాల్సింది ఇదే" అని చెప్పాను. పంపు ఆ పూట కూడా ఆగలేదు, ఊరికి నీళ్ళు పోయాయి.

ఇంత జరిగాక నాకు మండే సంగతి ఒకటుంది. తర్వాత ఒకసారి ఆ దారిన పోతూ ఆగి చూశాను. వల నిండా రాళ్ళు, మట్టి, వాటిలో మొలిచిన ముళ్ళకంప. బిగుసుకుపోయిన బ్రేకులు మార్చలేదు. తాళ్ళకు బిగించిన క్లాంపులు కొన్ని ఎవరో విప్పుకుపోయారు, పాత ఇనుము కింద అమ్ముకోవడానికి. నిండిన వల సాగదు, సాగని వల గోడతో సమానం. టెండర్లో చదరపు మీటరుకు ఇంత అని వలకు రేటు ఉంటుంది, శుభ్రం చేయడానికి రూపాయి ఉండదు. చదరపు మీటరుకు డబ్బులిస్తే కాంట్రాక్టరు చదరపు మీటర్లే చూపిస్తాడు, భూమిలో దాగిన యాంకర్ లోతు ఎవరికి కనిపిస్తుంది? 2003 జూన్‌లో కొంకణ్ రైల్వే మీద వైభవ్‌వాడి దగ్గర కొండ రాళ్ళు పట్టాల మీద పడి రైలు పట్టాలు తప్పితే 50 మందికి పైగా పోయారు. ఆ తర్వాత అక్కడ కొండలకు వలలు వేశారు, వానాకాలం గస్తీ పెంచారు. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డప్పుడు మన దగ్గరా కొన్నాళ్ళు అందరూ ఇదే మాట్లాడారు. ఆ కొన్నాళ్ళు దాటాక మాట్లాడేవాళ్ళే లేరు. గుండు దొర్లితే ఆ నింద మేకలు కాసేవాళ్ళ మీద తోసేయడం కూడా ఊళ్ళలో చూస్తున్నాను. మేక కాలికి గులకరాయి జారుతుంది, టన్ను గుండు కదలదు. దాన్ని కదిలించేది ఎక్కువగా నీళ్ళే.

ఇక మీ ఊరికి. ముందు కొండ కిందంతా నడిచి, పాత గుండ్లు ఎక్కడెక్కడ ఆగి ఉన్నాయో చూడండి. అన్నిటికంటే దూరం వచ్చిన గుండు ట్యాంకుకు కొండ వైపే ఆగిందా, ట్యాంకును దాటి పోయిందా అన్నదే మొదటి ప్రశ్న. కొండకూ ట్యాంకుకూ మధ్య జాగా ఉంటే, లోతైన కాలువ తవ్వి ఆ మట్టితోనే ఎత్తుగా కట్ట వేయించండి. మట్టి కూడా దెబ్బను మింగుతుంది, దొంగలెత్తుకుపోయేది ఏమీ ఉండదు, పూడితే జేసీబీతో తీసుకోవచ్చు. పైన ఊగిసలాడే గుండ్లు నాలుగో ఐదో అయితే గని పని తెలిసినవాళ్ళను పిలిచి, బోర్లు వేసి సీలలు కొట్టించి, ఉన్నచోటే ముక్కలు చేయించండి. మందు పెట్టి పేల్చనివ్వొద్దు, ట్యాంకు పక్కనే ఉంది. జాగా లేదు, గుండ్లు లెక్కకు మించి ఉన్నాయి అంటే వలే దారి. అప్పుడు దాన్ని ట్యాంకుకు ఆనించి వేయనివ్వకండి. దెబ్బకు వల కొన్ని మీటర్లు ముందుకు సాగుతుంది, ఆ దూరం ఖాళీగా ఉండాలి.

వల వేసేవాళ్ళు వస్తే ఎన్ని కిలోజౌళ్ళ వల, ఆ లెక్క మీ కొండ మీద ఏ గుండును, ఎంత ఎత్తును చూసి వేశారో అడగండి. యాంకర్ బోరు వేసేటప్పుడు ఊళ్ళోవాళ్ళు ఒకరు పక్కన నిలబడండి, గాలి కొట్టి దుమ్ము తీస్తున్నారా, రాయి ఎన్ని అడుగుల్లో తగిలింది అని కాగితం మీద రాసుకోండి. తీగతాడు మడిచి క్లాంపు వేసినచోట చూడండి. క్లాంపు వంకర బోల్టు తాడు పొట్టికొస మీద ఉండాలి, బరువు లాగే పొడుగు తాడు మీద పడకూడదు. తిరగేసి బిగిస్తే ఆ బోల్టే అసలు తాడును నలిపేస్తుంది. చివరి బిల్లుకు ముందు యాంకర్లు మీ కళ్ళ ముందే లాగి చూపించాలని, ప్రతి వానాకాలం ముందు వల శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో, డబ్బు ఎక్కడి నుంచో పంచాయతీ తీర్మానంలో ఇప్పుడే రాయించండి. పని మొదలయ్యాక అడిగితే ఎవరూ వినిపించుకోరు.