పంటు ఎందుకు మునగదు?

ప్రశ్న: నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించే పెద్ద బల్లకట్టు) మీద కార్లెక్కించినా మునగదు, చిన్న మేకు పడితే బుడుంగుమంటుంది, ఎందుకండీ? వీటితో వంతెనలు కూడా వేస్తారంట కదా? — ఓ పాఠకుడు, రాజోలు

జవాబు: ఆయ్, వేస్తారండి. పంటు కింద అంతా డొల్లే, ఒక ఘనపు మీటరు నీళ్లని పక్కకి నెడితే 1000 కిలోలు మోసేస్తుంది, మేకు పాపం దాని సైజు నీళ్లే కదా నెట్టేది. కారు ఎక్కేటప్పుడు గమనించండి, ఆ వైపు అంచు కాస్త దిగి మళ్లీ సర్దుకుంటుంది, అంటే ఇంకొన్ని నీళ్లు నెట్టిందన్నమాట. ఇలాంటి డొల్ల డబ్బాలే వరసగా కట్టి పైన దారి పరిస్తే వంతెన, ప్రయాగ కుంభమేళాలో వేసేవి ఇవే. కలకత్తా హౌరాలో అయితే 1874 నుంచి 1943 దాకా తేలే వంతెనే, ఓడలొస్తే మధ్య ముక్క తీసేవాళ్లు. మన గోదారికి మాత్రం కష్టమే, వరదకి ఎర్రనీళ్లొస్తే పంటే ఆపేస్తారు మరి.