పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఎత్తు పెంచిన పికప్‌లు, విరిగే కమాన్ కట్టలు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పికప్‌ల వెనుక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగులు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు తిరిగిన ఉక్కు పట్టీలు) గురించే ఉన్నాయి. బండిని ఎత్తు పెంచినవారు, పెద్ద టైర్లు వేసుకున్నవారు, వెనుక తొట్టి మీద శాశ్వతంగా ఏదో ఒకటి బిగించుకున్నవారు, అందరూ అడిగింది ఒక్కటే: కొత్త కట్ట ఇంత త్వరగా ఎందుకు పోతోంది? వాటిలో నాలుగు ఉత్తరాలను ఎంచుకుని జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా పికప్‌లో వెనుక ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య 75 మిల్లీమీటర్ల దిమ్మలు పెట్టించి ఎత్తు పెంచాను. టైర్లు కూడా పాతవాటికంటే 100 మిల్లీమీటర్ల వ్యాసం ఎక్కువ ఉన్నవి వేశాను. పరిమితికి మించి బరువు ఏనాడూ వేయలేదు. అయినా మొదట మెయిన్ పట్టీ (కట్టలో అన్నిటికంటే పైన ఉండే పొడవైనది) విరిగింది. దాన్ని మార్చిన కొంతకాలానికి కొత్త మెయిన్ పట్టీ, దాని కింది పట్టీ కలిసి విరిగాయి. ఉక్కు నాసిరకమని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: నాసిరకం ఉక్కు ఉండదని అనను. కానీ ఒకే బండి మీద వరుసగా రెండుసార్లు పట్టీలు విరిగినప్పుడు ముందుగా అనుమానించవలసింది ఉక్కును కాదు, దానికి అప్పగించిన పనిని. కమాన్ కట్ట బరువు మోసే స్ప్రింగు మాత్రమే అయితే, బరువు మించలేదన్న మీ వాదన సరిపోయేది. పికప్‌లో అది ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచుతుంది. వేగం పెంచినప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఇరుసు గొట్టం మెలి తిరగకుండా ఆపేదీ అదే. మీరు చేయించిన మార్పులు బరువును పెంచలేదు, ఈ మెలిని పెంచాయి.

ఎంత పెంచాయో లెక్క వేయడం కష్టం కాదు. చక్రం నేలను వెనక్కి నెట్టే బలం, లేదా బ్రేకు వేసినప్పుడు నేల చక్రాన్ని ఆపే బలం, టైరు నేలను తాకే చోట పనిచేస్తుంది. ఆ బలాన్ని నేల నుంచి కమాన్ కట్టకు ఉన్న ఎత్తుతో గుణిస్తే కట్ట మీద పడే మెలి వస్తుంది. మీ బండిలో మొదట ఆ ఎత్తు సుమారు 450 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. టైరు వ్యాసం 100 పెరిగితే ఇరుసు 50 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. దిమ్మ మరో 75 కలుపుతుంది. మొత్తం 125 మిల్లీమీటర్లు, అంటే మెలి దాదాపు 28 శాతం పెరిగినట్టు. తొట్టి ఖాళీగా ఉన్నా సరే, గట్టిగా బ్రేకు వేసిన ప్రతిసారీ, ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఈ అదనపు భారం పడుతూనే ఉంటుంది. ఆ క్షణంలో కట్ట పక్కనుంచి చూస్తే ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరంలా వంగుతుంది: ఇరుసుకు ఒకవైపు సగం పైకి, మరోవైపు సగం కిందికి. బండిని కదిలించగానే వెనుక నుంచి దడదడమని చక్రాలు ఎగిరినట్టు అనిపిస్తే అది ఈ వంపు వల్లనే. బ్రెడ్డు ముక్కల్లా ఒక దిమ్మ మీద ఇంకో దిమ్మ పేర్చినవారి ఉత్తరాలు కూడా ఉన్నాయి. అది మన్నికకు సంబంధించిన సందేహం కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం కనుక వెంటనే తీయించండి.

ఇక పట్టీ ఎక్కడ విరిగిందో మీరు రాయలేదు, రాసి ఉంటే సగం జవాబు అందులోనే దొరికేది. సరిగ్గా సెంటర్ బోల్ట్ (పట్టీలన్నిటినీ నడుమ కలిపి ఉంచే బోల్ట్) రంధ్రం గుండా విరిగితే తప్పు యూ బోల్టులది, అంటే కట్టను ఇరుసుకు బిగించే ‘యు’ ఆకారపు బోల్టులది. అవి బిగుతుగా ఉన్నంతకాలం వాటి నడుమ ఉన్న పట్టీ భాగం వంగదు కనుక అక్కడ రంధ్రం ఉన్నా నష్టం లేదు. అవి వదులైన రోజు నుంచి వంపు రంధ్రం దాకా పాకుతుంది, రంధ్రం అంచున పగులు మొదలవుతుంది. యూ బోల్ట్ పలకకు కాస్త బయట, రెండు మూడు వేళ్ల దూరంలో విరిగితే అది పైన చెప్పిన మెలి వల్ల గానీ, అధిక బరువు వల్ల గానీ జరిగినది. చెవి దగ్గర, అంటే రబ్బరు బుష్ దూరే వలయం దగ్గర విరిగితే బుష్ పట్టేసిందేమో, షాకిల్ (కట్ట వెనుక కొనను బండి చట్రానికి, అంటే ఛాసిస్‌కు, కలిపే ఊగే లంకె) పక్కకు వంగిందేమో చూడాలి. రెండో పట్టీ ఎక్కడో మధ్యలో విరిగితే దాని కింది పట్టీ కొన వచ్చి తాకే చోటు అదేనా అని కొలవండి. పదునుగా కోసి వదిలేసిన కొన పై పట్టీలో గాడి చేస్తుంది, పగులు ఆ గాడి నుంచే పుడుతుంది.

విరిగిన ముఖాన్ని కూడా పారేసే ముందు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఒకవైపు నున్నగా, తుప్పుతో గోధుమ రంగులో, అర్ధచంద్రాకారపు సన్నని గీతలతో ఒక భాగం ఉంటుంది. మిగిలినది గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తూ ఉంటుంది. నున్నని భాగం నెలల తరబడి కొద్దికొద్దిగా పెరిగిన పాత పగులు, మెరిసే భాగం చివరి రోజున ఒక్కసారిగా తెగినది. పాత భాగం చాలా చిన్నదై, మిగతా అంతా మెరుస్తూ ఉంటే అప్పుడు అధిక బరువునో, పెళుసుగా తయారైన ఉక్కునో అనుమానించవచ్చు. మీ మెకానిక్ మాట సరైనదో కాదో తేల్చేది ఈ ముఖమే. పగులు దాదాపు ఎప్పుడూ పట్టీ పై ముఖం నుంచి మొదలవుతుందని కూడా గమనించండి. కమాను వంపు బరువుకు తిన్నగా అయ్యేటప్పుడు పై ముఖం సాగుతుంది, కింది ముఖం నొక్కుకుంటుంది. లోహపు అలసట సాగే వైపే పుడుతుంది. అందుకే మంచి తయారీదారులు పై ముఖం మీద సన్నని ఉక్కు గుళ్లను వేగంగా కొట్టించి, ఆ పొరలో ముందే నొక్కుడు ఒత్తిడిని నిలుపుతారు.

మీరు చేయవలసినది: వీలైతే దిమ్మలు తీసేసి, ఆ ఎత్తును ఎక్కువ వంపుతో తయారైన పూర్తి కట్ట ద్వారా సాధించండి. తీయడం కుదరకపోతే ఇరుసు గొట్టం నుంచి ఛాసిస్‌కు మెలిని ఆపే కడ్డీ ఒకటి బిగించుకోండి. దాని ఒక కొన ఇరుసుకు గట్టిగా అతుక్కుని ఉండాలి, రెండో కొన షాకిల్ ద్వారా ఛాసిస్‌కు కలవాలి. రెండు కొనలనూ కదలకుండా బిగిస్తే ఇరుసు పైకీ కిందికీ ఆడేటప్పుడు కడ్డీ అడ్డుపడి, ఏదో ఒక బ్రాకెట్‌ను చీల్చేస్తుంది. యూ బోల్టులు ఒకసారి విప్పితే మళ్లీ పాతవే వాడకండి; బిగింపులో అవి సాగి ఉంటాయి. కొత్తవాటిని తయారీదారు చెప్పిన బిగింపు కొలతకు (టార్క్‌కు), ఒకదాని తర్వాత దాని ఎదురుమూల దాన్ని, కొద్దికొద్దిగా బిగించి, మొదటి 100 కిలోమీటర్ల తర్వాత, ఆపై 1,000 దగ్గర మళ్లీ సరిచూడాలి. ఈ చివరి పని చేయించేవారు బహుకొద్దిమంది. అందుకే సెంటర్ బోల్ట్ రంధ్రం దగ్గర పట్టీలు విరగడం అంత తరచుగా కనిపిస్తుంది.

ప్రశ్న: తొట్టి మీద కప్పు, లోపల సామాను సొరుగులు, రెండో బ్యాటరీ కలిసి నా పికప్ వెనుక భాగంలో ఎప్పుడూ 250 కిలోల బరువు ఉంటుంది. బండి వెనుక కుంగింది. ఉన్న కట్టలో పట్టీలు 8 మిల్లీమీటర్ల మందం. అదనంగా 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక పొట్టి పట్టీ వేయిస్తే బలం పెరుగుతుందని ఒకరన్నారు. వేయించవచ్చా?

జవాబు: ఎత్తు పెరుగుతుంది, మన్నిక తగ్గుతుంది. పట్టీ బిగువు, అంటే వంగకుండా ఎదురు నిలిచే గుణం, దాని మందం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 8 ఘనం 512, 12 ఘనం 1,728. అంటే ఒకే పొడవు, వెడల్పు ఉంటే ఆ ఒక్క పట్టీ మీ పాత పట్టీలు మూడింటికంటే ఎక్కువ బిగువుగా ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. అయితే ఒకే వంపుకు వంగినప్పుడు పట్టీ పై ముఖం మీద పడే ఒత్తిడి మందాన్ని బట్టి ఉంటుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ హాయిగా భరించే వంపులో 12 మిల్లీమీటర్ల పట్టీ ఒకటిన్నర రెట్లు ఒత్తిడికి లోనవుతుంది. ఉక్కు అలసట లెక్క సూటిగా నడవదు: ఒత్తిడి కొంచెం పెరిగితే అది తట్టుకునే ఊపుల సంఖ్య అనేక రెట్లు పడిపోతుంది. ఎక్కువ దూరం ఆడవలసిన కట్టకు పల్చని, పొడవైన పట్టీలు ఎక్కువ సంఖ్యలో ఉండటమే మేలు అనడానికి కారణం ఇదే.

పొట్టి పట్టీతో మరో చిక్కు ఉంది. అది ముగిసిన చోటే బిగువు ఒక్కసారిగా తగ్గిపోతుంది కనుక పై పట్టీలు ఆ గీత దగ్గరే మడత పడినట్టు వంగుతాయి. కొత్తగా వేసిన మందపు పట్టీ చెక్కుచెదరకుండా ఉండి, దాని పైన ఉన్న పాత పట్టీ విరగడం చాలామంది చూసే దృశ్యం. నింద మాత్రం పాత పట్టీ మీద పడుతుంది. పట్టీ కలపక తప్పదంటే, మిగతావాటితో సమానమైన మందంలో, మెయిన్ పట్టీకి దగ్గరగా వచ్చే పొడవులో, కొనలను సన్నగా సాగదీసి గుండ్రం చేసినదాన్ని కలపండి. 

మీ విషయంలో నా సలహా అది కూడా కాదు. ఎప్పుడూ దిగని 250 కిలోలు అంటే ఆ బరువు ఇక బండి సొంత బరువులో భాగమైనట్టే. దాన్ని తయారీదారుకు చెప్పి, అంత స్థిరమైన బరువుకు రూపొందించిన పూర్తి కట్టలను రెండు వైపులా ఒకేసారి వేయించడం మంచిది. కుంగిన కట్టకు, కట్ట పూర్తిగా నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మకు మధ్య ఖాళీ తక్కువగా ఉంటుంది కనుక ప్రతి గుంతలోనూ ఇరుసు ఆ రబ్బరును తాకుతుంది, ఆ దెబ్బ ఛాసిస్‌కు చేరుతుంది. బిగువైన కట్ట వేస్తే షాక్ అబ్జార్బర్లు కూడా దానికి తగినవి ఉండాలి, లేకపోతే నొక్కుకున్న కట్ట తిరిగి పైకి లేచేటప్పుడు దాన్ని అదుపు చేసేది ఉండదు. ఇంకొక మాట: కట్ట ఎంత బలమైనదైనా బండి మోయగల చట్టబద్ధమైన బరువు పెరగదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ అన్నీ పాతవే.

గాలి సంచులు వేయించుకుంటే సరిపోదా అని కూడా కొందరు అడిగారు. కమాన్ కట్ట బరువును ఛాసిస్ మీద రెండు చోట్ల, ముందు కొనను పట్టి ఉంచే హ్యాంగర్ దగ్గరా వెనుక షాకిల్ దగ్గరా, పంచుతుంది. గాలి సంచి దాన్ని ఇరుసుకు నేరుగా పైన ఒక్క చోటికి తెస్తుంది. వెనుక బంపరుకు బరువైన ట్రైలర్ తగిలించి, గాలి సంచుల్లో నిండా గాలి నింపి, గుంతల దారిలో నడిపిన డబుల్ క్యాబ్ పికప్‌ల ఛాసిస్‌లు క్యాబిన్ వెనుక వంగిపోయిన ఉదంతాలు ఉన్నాయి. తక్కువ గాలితో, అప్పుడప్పుడూ, సరిచేసుకోవడానికి వాడితే అభ్యంతరం లేదు.

ప్రశ్న: పాత కట్టలు వంపు పోయి తిన్నగా అయ్యాయి. కొట్టించి మళ్లీ వంపు తెప్పిస్తే ఎంతకాలం ఉంటాయి? ఒక పట్టీకి చిన్న పగులు ఉంది, దాన్ని వెల్డింగ్ చేయిస్తే చాలా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. స్ప్రింగు ఉక్కులో కార్బన్ ఎక్కువ. వెల్డింగ్ వేడికి కరిగిన గీత పక్కనున్న లోహం చుట్టూ ఉన్న చల్లని పట్టీ వల్ల వేగంగా చల్లబడి గాజులా పెళుసుబారుతుంది, దానికి కాస్త అవతల ఉన్న భాగం మెత్తబడుతుంది. ఆ పట్టీ అతుకు దగ్గర కాకపోతే దాని పక్కన విరుగుతుంది. కట్ట దగ్గర్లో వేరే బ్రాకెట్‌ను వెల్డింగ్ చేసేటప్పుడు కూడా నిప్పురవ్వలు పట్టీ మీద పడకుండా తడి గుడ్డ గానీ రేకు గానీ కప్పించాలి.

వంపు విషయానికి వస్తే, చల్లగా ఉండగానే ప్రెస్‌లో నొక్కి లేదా సుత్తితో కొట్టి తెచ్చిన వంపు ఎత్తును ఇస్తుంది, ఆయుష్షును ఇవ్వదు. పట్టీలో అప్పటికే పుట్టిన సూక్ష్మమైన పగుళ్లు అలాగే ఉంటాయి, సుత్తి గుంటలు కొత్తవాటికి చోటిస్తాయి, పోయిన వంపు మళ్లీ త్వరగానే పోతుంది. పద్ధతి ప్రకారం చేయాలంటే పట్టీలను విడదీసి, సుమారు 850 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి, వంచి, నూనెలో చల్లార్చి, తర్వాత మళ్లీ 400 నుంచి 550 డిగ్రీల మధ్య కాచి కాఠిన్యాన్ని సరిచేయాలి. ఇవన్నీ చేయగల కొలిమి, ఉష్ణోగ్రత చూసే పరికరం ఉన్నచోట చేయించవచ్చు. గ్యాస్ మంటతో ఒక చోట మాత్రమే ఎర్రగా కాల్చి వంచేవారి దగ్గర చేయించకండి. పగులు కనిపించిన కట్టను ఎలా చేసినా బాగుచేయించడం దండగ. రెండు వైపులా కొత్తవి వేయించండి.

ప్రశ్న: పట్టీల మధ్య వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే తుప్పు పట్టదని, కిర్రుమనే శబ్దం పోతుందని అంటారు. మంచిదేనా?

జవాబు: శబ్దం కొన్నాళ్లు పోతుంది. కానీ నూనెకు ఇసుక, దుమ్ము అంటుకుని సానరాయిలా పట్టీలను అరగదీస్తుంది, చెవుల్లోని రబ్బరు బుష్‌లు ఖనిజ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. పట్టీ కొనల మధ్య ప్లాస్టిక్ పలకలు ఉన్న కట్టలో అవి అరిగితే మార్చండి, అవి లేని కట్టను విప్పినప్పుడు శుభ్రం చేసి గ్రాఫైట్ కందెన పూయండి.

తుప్పును మాత్రం తేలికగా తీసుకోకండి. తుప్పు చేసే చిన్న గుంట పగులుకు పుట్టిల్లు. 2014లో టయోటా అమెరికాలో 2005 నుంచి 2011 వరకు మోడళ్లకు చెందిన దాదాపు 6,90,000 టకోమా పికప్‌లను వెనక్కి పిలిచింది. ఒత్తిడీ తుప్పూ కలిసి వెనుక కమాన్ పట్టీ విరిగితే అది పక్కకు జరిగి ఇంధన ట్యాంకును తాకే ప్రమాదం ఉందన్నది కారణం. అవి మార్పులేవీ చేయని బండ్లు. రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల, సముద్రపు ఒడ్డున, బురదలో నడిచే బండికి ప్రతిసారీ పట్టీల సందుల్లోకి మంచినీళ్లు కొట్టి కడగండి. కట్టను పక్కనుంచి చూసినప్పుడు పట్టీల మధ్య తుప్పు పొరలు ఉబ్బి సందులు తెరుచుకున్నట్టు కనిపిస్తే విప్పించి చూడవలసిందే. షాకిల్, చెవి బోల్టులను తిరిగి బిగించేటప్పుడు చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు కట్ట మీద పడి ఉండాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బండిని దించగానే రబ్బరు బుష్‌లు మెలి తిరిగిన స్థితిలోనే ఉండిపోయి, కొద్ది నెలల్లోనే చిరుగుతాయి.