మేడ మీద పెంచిన పావురాన్ని కోసుకుంటే జైలేనా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మేడ మీద ఇరవై జతల పావురాలు పెంచుతున్నాను. పిల్లలు ఎదిగాక ఇంట్లో వండుకుంటాం, చుట్టాలొస్తే కోస్తాం. రెట్ట, వాసన అని పక్కింటాయనకి కోపం. పావురాన్ని కోస్తే జైలే, ఫారెస్టు వాళ్లకి చెప్తానంటున్నాడు. మా బావమరిది పాత నూతుల్లో, గుడి గోపురం మీద రాత్రిపూట వలేసి పట్టిన పావురాళ్లు కూడా తెచ్చి నా గూళ్లలోనే వదులుతున్నాడు. సంతలో అమ్ముదామంటాడు. టెన్షన్‌గా ఉంది లాయర్ గారూ, ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ పావురాల కంటే మీ బావమరిది పట్టి తెచ్చేవాటి గురించే నాకు ఎక్కువ భయంగా ఉంది, అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం షెడ్యూల్‌లో, అంటే చట్టం వెనక జోడించిన జాబితాలో ఉన్న జంతువునో పక్షినో పట్టుకున్నా, వల వేసినా, గుడ్లు తీసినా అది వేటే, చంపక్కర్లేదు. 2022 సవరణ తర్వాత ఇలాంటి కేసుల్లో మామూలుగా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత షెడ్యూల్ 4లో పావురాల జాతి మొత్తాన్ని చేర్చి నీలి పావురాన్ని, అంటే గుళ్లలో, నూతుల్లో ఉండే మామూలు పావురాన్ని మాత్రం మినహాయించారు. "గుడి పావురానికి చట్టం లేదు" అని ఊళ్లో పెద్దలు అనేది అందుకే. కానీ ఆరు షెడ్యూళ్లను నాలుగు చేసి అంతా కొత్తగా రాశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అదే అమల్లో ఉంది. పాత పుస్తకం చూసి ధైర్యం చెప్పేవాళ్ల మాట నమ్మకండి. పైగా రాత్రి చీకట్లో వల వేస్తే గువ్వ పడిందో, పచ్చ పావురం పడిందో ఎవరు చూడొచ్చారు? గోపురం ఎక్కినందుకు గుడివాళ్లు పెట్టే అక్రమ ప్రవేశం కేసు దీనికి అదనం.

మీరు పెంచినవాటి సంగతి వేరు. చట్టంలో వన్యప్రాణి అంటే షెడ్యూల్‌లో ఉండి, ప్రకృతిలో అడవిగా తిరిగేది. తరతరాలుగా గూట్లో పుట్టి గూట్లో పెరిగిన పెంపుడు పావురం అందులోకి రాదని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. ఇక జంతు హింస నివారణ చట్టం, 1960లో సెక్షన్ 11(3) తిండి కోసం చంపడాన్ని నేరం కాదంటుంది, అనవసరంగా బాధ పెట్టనంతవరకే. కాళ్లు కట్టి సైకిల్ హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసి సంతకి తీసుకెళ్తే మాత్రం తప్పే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, నిజం, 1960లో రాసిన అంకె అది, టీ ఖర్చంత. అయినా కేసు కేసే, వాయిదాలకి తిరగాలి కదా.

అసలు చిక్కు రుజువు దగ్గర ఉంది. వన్యప్రాణి మీ దగ్గర దొరికిందని ప్రాసిక్యూషన్ చూపిస్తే, అది అక్రమం కాదని నిరూపించుకోవాల్సింది మీరే, సెక్షన్ 57 అలా చెప్తుంది. బావమరిది తెచ్చినవాటిని మీవాటితో కలిపేశాక ఏది ఎక్కడిదో మీరే చెప్పలేరు. అందుకని ఒక పని చెయ్యండి. పిల్లకి వారం రోజులు నిండేసరికి కాలికి అతుకులేని రింగు తొడగండి. ఆ వయసులోనే అది ఎక్కుతుంది, పాదం పెద్దదయ్యాక ఎక్కదు, కాబట్టి రింగున్న పక్షి గూట్లో పుట్టిందేనని చూడగానే తెలుస్తుంది. ఒక నోటుబుక్ పెట్టుకోండి: ఏ జత, గుడ్లు ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు. జత రెండు గుడ్లు పెడుతుంది, పద్దెనిమిది రోజులకి పొదుగుతుంది, పిల్ల నాలుగు వారాలకి కోతకొస్తుంది, ఈ లెక్క అధికారులకీ తెలుసు. ఇరవై జతలవాడి మేడ మీద రింగుల్లేని పెద్ద పావురాలు రెండొందలు కనిపిస్తే ఎవరైనా అడుగుతారు. మొదటి జతలు ఎవరి దగ్గర కొన్నారో వాళ్ల చేత ఒక కాగితం రాయించుకోండి.

ఇక పక్కింటాయన. ఫారెస్టు బెదిరింపు మీ పెంపుడు పక్షులకి అంతగా పనిచేయదు, కానీ రెట్ట గురించి ఆయన అన్నది నిజమే. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, వాళ్ల మేడ మీద ఎండుచేపలో మిరపకాయలో ఆరబెట్టుకుంటే మీ పావురాలు ఊరుకుంటాయా? పబ్లిక్ న్యూసెన్స్ అని ఫిర్యాదు చేస్తే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ తొలగించమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. అందుకే రోజూ తడిపి ఊడ్చి, రెట్ట గొయ్యిలో వేసి మగ్గబెట్టి, ఆనప పాదులకి ఎరువుగా వాడుకోండి. గూళ్లు ఆయన గోడకి దూరంగా జరపండి. కోపంతో ఆయన మందు పెట్టి చంపితే మాత్రం, అదీ నేరమే, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 325 కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంది.

అమ్మకం మాట. ఇంట్లో తినడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ మాంసం అమ్మితే ఆహార భద్రత చట్టం కిందికి వస్తారు. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి ఫీజు 100 రూపాయలు. పావురాన్ని ఆ కింద అమ్మనిస్తారా అన్నది ఫుడ్ సేఫ్టీ అధికారిని ముందే రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, మన వైపు పక్షవాతానికి పావురం రక్తం రాస్తారు, మాంసం పెడతారు. అది వైద్యం కాదు, పక్షవాతం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. అలా నయమవుతుందని బోర్డు పెట్టినా, వాట్సాప్‌లో తిప్పినా ఇలాంటి మందుల ప్రకటనల్ని అడ్డుకునే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, దాని జాబితాలో పక్షవాతం పేరు రాసే ఉంది, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు.

బావమరిదికి ఈ ఆదివారమే చెప్పేయండి, మీ గూట్లో ఇక ఒక్క పక్షినీ వదలొద్దని. ఇప్పటికే కలిసిపోయినవాటిలో గుర్తుపట్టగలిగినవాటిని కోయకుండా, అమ్మకుండా వేరే గూట్లో ఉంచండి, వాటిని ఏం చెయ్యాలో కాగితాలు తెచ్చి నన్ను కలిశాక మాట్లాడదాం. పంచాయతీ నుంచి గానీ తహసీల్దారు ఆఫీసు నుంచి గానీ నోటీసు వస్తే తీసుకోనని వెనక్కి పంపకండి, తారీఖు వేసి సంతకం పెట్టి తీసుకోండి, గడువు లోపల జవాబిద్దాం.