కోనసీమ రోడ్లకు చిన్న క్యాంపర్ వ్యానా, పెద్ద మోటార్‌హోమా?

రిటైరయ్యారు, ఇల్లు పాలకొల్లులో. మీరిద్దరూ, ఎనభైకి దగ్గరపడిన అమ్మగారూ, సెలవులకు వచ్చే మనవలిద్దరూ. తిరుగుడు ఎక్కువగా గోదావరి జిల్లాల్లోనే, ఏడాదికి ఒకటి రెండుసార్లు అరకు, తిరుపతి. లోపలే పడుకుని, వండుకుని తిరిగే బండి కావాలి, చిన్న క్యాంపర్ వ్యాన్ కొనాలా, పెద్ద మోటార్‌హోమ్ కొనాలా అని అడిగారు.

నేను రెండూ వాడానండి. మా తోడల్లుడూ నేనూ వాటాకి బస్సు ఛాసిస్ మీద కట్టిన పెద్ద మోటార్‌హోమ్ కొని రెండేళ్లు తిప్పాం. దాన్ని అమ్మేసి, నాలుగేళ్లుగా టెంపో ట్రావెలర్ మీద చేయించుకున్న చిన్న బండిలో తిరుగుతున్నాం. మీకూ చిన్నదే తీసుకోమంటాను. కానీ అందులో టాయిలెట్ తప్పకుండా ఉండాలి.

పెద్ద బండి చెడ్డదని కాదు. మా అమ్మకు అదంటే ప్రాణం. లోపల నిటారుగా నిలబడి, పక్కనున్న స్టీలు కమ్మీ పట్టుకుని నెమ్మదిగా బాత్రూమ్‌కి నడిచి వెళ్లేది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది ఎంత సుఖమో చూసినవాళ్లకే తెలుస్తుంది. హైవే మీద రావులపాలెం నుంచి తిరుపతి దాకా ఏ ఇబ్బందీ లేదు. హైవే దిగాకే మొదలయ్యేది.

మన దగ్గర చూడదగ్గ చోట్లన్నీ కాలువ గట్ల చివరే ఉంటాయి కదా. ఊళ్లలో సింగిల్ తారు రోడ్డు వెడల్పు మూడు మీటర్ల నుంచి మూడుముప్పావు దాకా ఉంటుంది. మా బండి వెడల్పు రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ. ఎదురుగా ధాన్యం ట్రాక్టర్ వస్తే దాని ట్రక్కు వెడల్పే రెండు మీటర్లుంటుంది. ఇద్దరిలో ఒకరు మార్జిన్‌లోకి దిగాల్సిందే. ఆ మార్జిన్ ఒండ్రు మట్టి. నాలుగు చినుకులు పడితే పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల మెత్తబడిపోతుంది.

ఒక కార్తీకమాసం రాజోలు అవతల మాకు సరిగ్గా అదే జరిగింది. ముందురోజు రాత్రి వాన పడింది. ట్రాక్టర్‌కి దారి ఇద్దామని ఎడమ చక్రాలు దించాం. వెనక చక్రం ఇరుసు దాకా దిగబడిపోయింది. బండి కాలువ వైపు ఒరిగింది. వంటగట్టు మీదున్న మంచినీళ్ల బిందె జారి కింద పడింది, నీళ్లన్నీ తలుపు వైపు పారాయి. అమ్మ రెండు చేతులతో ఆ స్టీలు కమ్మీని పట్టుకుని కదలకుండా కూర్చుంది, అరవలేదు కూడా. పొలంలో ఉన్నవాళ్లు పరిగెత్తుకొచ్చి ముందు ఆవిణ్ని కుడివైపు డ్రైవర్ తలుపులోంచి ఎత్తి దించారు. తర్వాత అదే ట్రాక్టర్‌కి మోకు కట్టి లాగారు. రెండు గంటలు పట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు, పైగా వాళ్లింట్లో కాఫీ ఇచ్చారు. ఆ ఊరి మేలు మర్చిపోలేను. అమ్మ మాత్రం ఆ తర్వాత గట్టు దారి పడితే చాలు, కళ్లు మూసుకుని కూర్చునేది.

ఎత్తు సంగతి కూడా చూసుకోండి. పైన ఏసీ డబ్బాతో కలిపి మా బండి మూడు మీటర్లు దాటేది. వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ వైర్లు, రోడ్డు మీదికి వంగిన కొబ్బరి మట్టలు దానికి తగిలేవి. ఎవరో ఒకరు కర్రతో వైరు ఎత్తి పట్టుకుంటూ ముందు నడవాల్సి వచ్చేది.

నర్సాపురం నుంచి అంతర్వేది వెళ్లాలంటే మీకు దగ్గర దారి సఖినేటిపల్లి పంటు, అంటే బండ్లను గోదావరి దాటించే పడవ. చిన్న వ్యాన్‌ని ఇప్పుడు హాయిగా పంటెక్కిస్తాం. తొమ్మిది మీటర్ల బండికి వెనక చక్రాల తర్వాత బాడీ చాలా పొడుగు. రేవు వాలులో దిగేటప్పుడు ఆ తోక నేలకి రాసుకుంటుంది. మేం ఆ ధైర్యం చేయలేక చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాళ్లం.

లైసెన్సు విషయం చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. నిండు లోడుతో బండి అనుమతించిన బరువు 7,500 కిలోలు దాటితే కారు లైసెన్సు పనికిరాదు, హెవీ లైసెన్సు ఉండాలి. మాకు లేదు, అందుకని డ్రైవర్‌ని పెట్టుకున్నాం. రాత్రిళ్లు ఆ అబ్బాయి ఎక్కడ పడుకోవాలన్నదే రోజూ టెన్షన్. కుటుంబంతో ఏకాంతంగా ఉందామని బండి కొని, ఇంకొకరి పడక గురించి ఆలోచిస్తూ కూర్చున్నాం.

చిన్నదాంట్లో ఏం పోతుందో కూడా చెప్పాలి కదా. పడకలు. మా దాంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు పడుకోగలరు, అంతే. మీరు ఐదుగురు. అయితే మన డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య దూరమెంత? అమలాపురమో రాజోలో ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది, ఒక గది తీసుకుంటే సరిపోతుంది. టిఫిన్, భోజనం ఎక్కడైనా దొరుకుతాయి, కాబట్టి పూర్తి వంటిల్లు మోసుకు తిరగక్కర్లేదు. రోడ్డు పక్కన దొరకనిది శుభ్రమైన టాయిలెట్ ఒక్కటే. అందుకే వంటగట్టు కుదించి ఆ చోటు దానికి ఇచ్చాం. కింది డబ్బా బయటికి తీసి కడిగే క్యాసెట్ టాయిలెట్, చుట్టూ మడత తలుపు. నీళ్ల ట్యాంకు వంద లీటర్లే పెట్టించాం, నిండితే వంద కిలోల బరువు మరి. పంపు ఉన్న ప్రతి గుళ్లోనూ అడిగి నింపుకుంటాం.

ఎండాకాలం ఉక్కపోతకి మాత్రం రెండూ ఒకటే. బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ నడుస్తుందని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి. 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్లే. టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. లెక్క మీరే వేసుకోండి. మే నెలలో మేం కరెంటు ప్లగ్ ఇచ్చే చోటే ఆగుతాం, లేదంటే వెళ్లం. నీడ కదా అని కొబ్బరిచెట్టు కింద మాత్రం ఆపకండి. ఒక్క కాయ పడితే సోలార్ ప్యానెల్ పగులుతుంది, మనిషి నెత్తిన పడితే చెప్పక్కర్లేదు. మామిడి చెట్టో నిద్రగన్నేరో చూసుకోండి.

సరుకుల వ్యాన్ చవగ్గా కొని లోపల పరుపులు వేయిస్తే చాలదా అని మీరు రాశారు. వద్దండి. ఆర్టీఏ ఆఫీసు అనుమతితో ఆర్సీలో మార్పు రాయించకుండా బాడీ మారిస్తే, రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి. బండి నడిచేటప్పుడు ఐదుగురికీ బెల్టు ఉన్న సీట్లు ఉండాలి. పరుపు మీద పిల్లల్ని కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక టేపు తీసుకుని మీ వీధి మలుపు, మీరు తరచూ వెళ్లే గుడి దారి, మధ్యలో వచ్చే కాలువ వంతెన కొలవండి. అమ్మగారిని తీసుకెళ్లి తలుపు దగ్గర మెట్టు ఎక్కించి చూడండి. మా అమ్మ పాదం జానెడు ఎత్తుకి మించి లేవదు. వ్యాన్ తయారై వచ్చిన మొదటి రోజే అది బయటపడింది. మర్నాడే తలుపు కింద మడత మెట్టు ఒకటి, పక్కన పట్టుకోవడానికి పాత బండిలో ఉన్నలాంటి స్టీలు కమ్మీ ఒకటి వెల్డింగ్ చేయించాం.