యూరప్‌కు రొయ్య పంపుతానంటున్న అల్లుడికి

బరంపురం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

సోనాపూర్ చెరువుల్లో పెంచి ఏజెంటుకు అమ్మేయడంతో ఆగకుండా, నీ పేరు మీదే యూరప్‌కు సరుకు పంపాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. అమెరికా ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2025 ఆగస్టులో 50 శాతం సుంకం పడ్డప్పుడు మన తీరమంతా చూసింది. చెరువు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నా ఉద్యోగమంతా ఎగుమతి కాగితాల మధ్యే గడిచింది కనుక సుంకం రాయితీ గురించి మాత్రం రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఈ రాయితీని జీఎస్‌పీ (జనరలైజ్డ్ సిస్టమ్ ఆఫ్ ప్రిఫరెన్సెస్) అంటారు. మనలాంటి దేశాల సరుకు మీద ధనిక దేశాలు తమంతట తాము సుంకం తగ్గించే ఏర్పాటిది. 1968లో ఢిల్లీలో జరిగిన అంక్టాడ్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ) సమావేశంలో దీనికి ఒప్పుకున్నారు, యూరప్ 1971లో అమలు మొదలుపెట్టింది. ఫ్రోజెన్ వనామీ (మన చెరువుల్లో పెంచే రొయ్య) మీద యూరప్‌లో మామూలు సుంకం 12 శాతం. జీఎస్‌పీ కింద మనకు 4.2 శాతమే. లక్ష యూరోల కంటైనర్ అనుకో, 12,000 కట్టాల్సిన చోట 4,200తో సరిపోతుంది. ఒలిచి ఉడికించిన రొయ్య 1605 అనే కస్టమ్స్ కోడ్ కిందికి వెళ్తుంది, దాని మీద సుంకం 20 నుంచి 7కు దిగుతుంది. కాబట్టి ప్లాంటులో ఏం చేయించాలో తేల్చుకునే ముందే కోడ్ చూసుకో.

ఆ సుంకం కట్టేది అక్కడి కొనుగోలుదారు. మిగిలేదీ ముందు అతని జేబులోనే. నువ్వు అడగకపోతే నీకు పైసా రాదు. రేటు మాట్లాడేటప్పుడే “సరుకు మన దేశానిదేనని జీఎస్‌పీ డిక్లరేషన్ ఇస్తాను, ఆ మేరకు కిలోకు ఎంత కలుపుతారు?” అని మొహమాటం లేకుండా అడుగు. మనవాళ్లు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) దగ్గర అర్ధరూపాయికి గంటసేపు బేరమాడతారు గానీ దీని ఊసే ఎత్తరు.

ఇక అసలు సంగతికి వస్తాను. రాయితీ దక్కాలంటే ఆ రొయ్య పూర్తిగా మన దేశంలోనే పుట్టి పెరిగినదై ఉండాలి. తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి చెన్నై క్వారంటైన్‌కు వస్తాయి కదా, మరి అది మన రొయ్యేనా అన్న అనుమానం నీకూ వస్తుంది. భయం లేదు. పిల్ల ఇక్కడి హేచరీలో పుట్టి నీ చెరువులో పెరిగింది, అది చాలు. ఇచ్ఛాపురం వైపు చెరువుదైనా సోనాపూర్ చెరువుదైనా ఒకటే, వాళ్లు చూసేది దేశాన్ని, రాష్ట్రాన్ని కాదు. చిక్కల్లా ప్లాంటు దగ్గర. బయటి దేశపు ముడి రొయ్యను తెప్పించి ఒలిచి పంపే ప్లాంటైతే ఆ సరుకుకు ఈ రాయితీ వర్తించదు. ఒలిచినంత మాత్రాన, గడ్డకట్టించినంత మాత్రాన అది మనదైపోదు. నీ లాట్ దానితో కలవకుండా విడిగా నడిపిస్తామని ప్లాంటు వాళ్ల చేత రాయించుకో.

రుజువు తెగిపోయేది ఎక్కడో తెలుసా? పట్టుబడి రాత్రి, అంటే చెరువులో రొయ్య పట్టే రాత్రి. తెల్లవారుజామున వల లాగుతుంటారు, ఐసు కరిగిపోతోందని డ్రైవర్ తొందరపెడుతుంటాడు, నీ చెరువు క్రేట్ల మీదే పక్క చెరువు క్రేట్లూ ఎక్కించేస్తారు. తూకం చీటీ మీద ఏజెంటు పేరు, కౌంటు, కిలోలు ఉంటాయి, చెరువు నంబరు మాత్రం ఉండదు. తర్వాత ఎవరడిగినా ఆ లారీలో ఏ చెరువు సరుకు ఎంత ఉందో చెప్పే నాథుడుండడు. అందుకని చీటీ మీద ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఇచ్చిన చెరువు ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాయించనిదే లారీ కదలనివ్వకు. సీడు బిల్లు, మేత బిల్లులు, చెరువు పుస్తకం, తూకం చీటీ, ప్లాంటు లాట్ నంబరు అన్నీ ఒకే కవరులో పెట్టు. చెరువు పట్టా ఒడియాలో ఒక పేరుతో, ఎన్‌రోల్‌మెంట్ కార్డు మీద ఇంకో పేరుతో ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. ఇలాంటి తేడాలు మన సరిహద్దు ఊళ్లలో ఇంటింటా ఉన్నాయి.

డిక్లరేషన్ పని సులువే. సరుకు విలువ 6,000 యూరోల లోపయితే ఏ ఎగుమతిదారైనా ఇన్‌వాయిస్ మీద రాసివ్వచ్చు. అది దాటితే రెక్స్ (రిజిస్టర్డ్ ఎక్స్‌పోర్టర్) నంబరు ఉండాలి, ఎంపెడా ద్వారా తీసుకో. నీ సరుకుకు మూలం గుర్తు “పి” అనే అక్షరం, అంటే పూర్తిగా ఇక్కడిదే అని. ఆ డిక్లరేషన్ ఏడాది చెల్లుతుంది. కాగితాలు మాత్రం డిక్లరేషన్ రాసిన క్యాలెండర్ ఏడాది ముగిశాక ఇంకో మూడేళ్లు దాచాలి. అక్కడి కస్టమ్స్ తర్వాతెప్పుడో తనిఖీకి పంపితే, నువ్వు చూపించలేకపోతే, తగ్గించిన సుంకమంతా కొనుగోలుదారు మీద పడుతుంది. అతను మళ్లీ నీ ముఖం చూడడు.

యాంటీబయోటిక్ పరీక్ష సంగతి ఎంపెడా వాళ్లే నీకు చెబుతారు. యూరప్ మన కంటైనర్లలో సగం ఆపి పరీక్షిస్తుంది. అక్కడ తప్పితే రాయితీ మాటే అనవసరం.

ఇంకొక్కటి, బ్యాంకు లోను లెక్క 4.2 మీద వేసుకోకు. ఇది ఒప్పందం కాదు, ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా తీసేసుకోగలరు. 2019 జూన్ 5న అమెరికా మనకు జీఎస్‌పీ తీసేసింది. థాయ్‌లాండ్ ఆదాయం పెరిగిందని 2015 జనవరిలో యూరప్ రాయితీ ఆపేస్తే వాళ్ల ఫ్రోజెన్ రొయ్య మీద సుంకం ఒక్కసారిగా 12కి ఎక్కింది. మన వస్త్రాలు, ప్లాస్టిక్కులు, యంత్రాలు ఇప్పటికే ఈ జాబితాలోంచి బయటపడ్డాయి. యూరప్ పథకం గడువు 2023తో తీరిపోతుంటే 2027 చివరి దాకా పొడిగించారు. అందుకే 12 శాతం కట్టినా నష్టం రాని రేటు ఎంతో ముందు తేల్చుకో. అది కుదరని కొనుగోలుదారుతో మొదటి ఏడాది పెట్టుకోకు.

రెక్స్ దరఖాస్తు నింపాక ఒక కాపీ నాకు వాట్సాప్‌లో పంపు. కంపెనీ పేరు, చిరునామా ఐఈసీలో (ఎగుమతి-దిగుమతి కోడ్ పత్రంలో) ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో నేను చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య