‘ఒప్పుకున్నారు’ అనే మాట గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. ఆంగ్ల నటుడు ఇయాన్ మెకెల్లెన్ జీవితం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తేదీలు సరిచూసుకుని, శ్రద్ధగా రాశావని మొదటి పేజీలోనే తెలిసింది. అయితే ఒక్క క్రియాపదం వ్యాసాన్నంతా దెబ్బతీసింది కనుక ముందు దాని సంగతే చెబుతాను. 1988 జనవరిలో ఆయన తాను గే అని ‘ఒప్పుకున్నారు’ అని రాశావు. మన భాషలో నేరం ఒప్పుకుంటారు, తప్పు ఒప్పుకుంటారు, ఓటమి ఒప్పుకుంటారు. ఆ మాట వాడిన మరుక్షణం, నీకు తెలియకుండానే, ఆయనను బోనులో నిలబెట్టి పాఠకుణ్ణి న్యాయమూర్తి స్థానంలో కూర్చోబెట్టావు. ‘చెప్పారు’ అంటే చాలు.

ఆ రోజు జరిగినదాన్ని దగ్గరగా చూడు. బీబీసీ రేడియో 3లో పత్రికా సంపాదకుడు పెరిగ్రిన్ వర్స్‌థోర్న్‌తో చర్చ. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ‘ప్రోత్సహించ’కూడదని శాసించే నిబంధన, తర్వాత సెక్షన్ 28గా పేరుపడినది, అప్పుడు పార్లమెంటు ముందున్నది. అది పూర్తిగా పోవాలని కోరుకుంటున్నారా అన్న ప్రశ్నకు, తప్పకుండా కోరుకుంటున్నానని, తనలాంటి స్వలింగ ప్రేమికులెవరికైనా అది అవమానకరమని ఆయన బదులిచ్చారు. అంతే. ఆ వాక్యానికి కర్త చట్టం. తన సంగతి దాని నడుమ ‘నాలాంటి’ అన్నంత చిన్న మాటలో ఇమిడి వచ్చింది. నువ్వు ఆ ఘట్టానికి ఉరుములూ మెరుపులూ జోడించావు. వాటిని తీసేసి ఆ చిన్న మాటను దాని చోట ఉంచితే, 48 ఏళ్ల మనిషి అన్నేళ్ల మౌనాన్ని ఎంత మామూలుగా దాటివచ్చాడో పాఠకుడికే తెలుస్తుంది.

ఆ మౌనాన్ని కూడా పిరికితనంగా చిత్రించకు. ఆయన 1939 మే 25న ఇంగ్లండులోని బర్న్‌లీలో పుట్టారు. ఇరవయ్యొక్కేళ్లు దాటిన ఇద్దరు పురుషుల ఏకాంత సంబంధం ఇంగ్లండులో, వేల్సులో నేరం కాకుండా పోయినది 1967 జూలైలో. అంటే 28 ఏళ్లు నిండేదాకా ఆయన ప్రేమ చట్టం దృష్టిలో నేరమే. ఈ లెక్క నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఇది లేకుండా ‘ఎందుకింత ఆలస్యం’ అని అడగడం అన్యాయం. 1979లో లండన్ రంగస్థలంపై ‘బెంట్’ నాటకంలో నాజీల నిర్బంధ శిబిరానికి చేరిన గే యువకుడి పాత్రను ఆయనే పోషించారు. వేదిక మీద అంత నిజం పలికి, వేదిక దిగాక బహిరంగంగా ఏమీ చెప్పలేని ఆ తొమ్మిదేళ్ల గురించి ఆలోచించు. తాను గే అని బయటికి చెప్పిన తర్వాత తన నటన మెరుగుపడిందని, అంతకు ముందు నటన ఒక మారువేషంగా ఉండేదని ఆయన పలుమార్లు చెప్పారు. నువ్వు జీవితానికొక అధ్యాయం, నటనకొక అధ్యాయం అని గోడ కట్టావు. ఆయన మాటే ఆ గోడను పడగొడుతోంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక నటుడు మరణించినప్పుడు సంస్మరణ వ్యాసం రాస్తూ, దశాబ్దాల పాటు ఆయనతో ఒకే ఇంట్లో జీవించిన మనిషి ఉన్నాడని తెలిసి కూడా, ‘జీవితాంతం అవివాహితుడిగానే ఉండిపోయారు’ అని రాశాను. అది మర్యాద అనుకున్నాను. ఆ మనిషి దుఃఖానికి చోటు లేకుండా చేశానని తర్వాత గ్రహించాను. ఆ వాక్యం నన్ను ఈనాటికీ బాధిస్తుంది. విలియం హైన్స్ గురించి చదువు. 1930 ప్రాంతంలో హాలీవుడ్ అగ్రతారల్లో ఒకరు. తన జీవన విధానాన్ని దాచుకోవాలన్న ఎం.జి.ఎం. స్టూడియో అధిపతి ఒత్తిడికి తలవంచక సినిమాలు వదులుకుని, గృహాలంకరణలో రెండో జీవితం నిర్మించుకుని, 1973లో చనిపోయేదాకా జిమ్మీ షీల్డ్స్‌తోనే కలిసి ఉన్నారు. దాదాపు యాభై ఏళ్ల సహజీవనమది. అటువంటివాణ్ణి ‘అవివాహితుడు’ అంటే అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు.

నామవాచకం సంగతి కూడా చూసుకో. ‘స్వలింగ సంపర్కుడు’ అన్న పత్రికల మాట మనిషి మొత్తాన్ని పడకగదికి కుదిస్తుంది. ‘గే నటుడు’ అన్నా, ‘స్వలింగ ప్రేమికుడు’ అన్నా పాఠకుడికి అర్థమవుతుంది. అదీ అవసరమైన చోటే. ప్రతి పేరాలో బిరుదులా తగిలించకు.

మెకెల్లెన్ విజయాన్ని సూత్రంగా మార్చడం నాకు నచ్చలేదు. ధైర్యంగా చెప్పినవారికి అవకాశాలు వాటంతటవే వస్తాయని రాశావు. అదే దేశపు నటుడు రూపర్ట్ ఎవరెట్, అలా చెప్పడం వల్ల తన సినీ జీవితం దెబ్బతిన్నదని బాహాటంగా అన్నారు. ఇద్దరి అనుభవమూ నిజమే. మెకెల్లెన్‌కు 1991లో సర్ బిరుదు వచ్చినప్పుడు, సెక్షన్ 28 తెచ్చిన పార్టీ ప్రభుత్వం నుంచి దాన్ని ఎలా తీసుకున్నారని గే దర్శకుడు డెరెక్ జార్మన్ బహిరంగంగా నిలదీశారు. పద్దెనిమిది మంది గే, లెస్బియన్ కళాకారులు మెకెల్లెన్ పక్షాన లేఖ రాశారు. ఈ తగవును నువ్వు ఒక్క ముక్కలో దాటవేశావు. పూర్తిగా రాయి, తీర్పు చెప్పకు.

చివరగా ఒక మార్పు. రేడియో ఘట్టాన్ని వ్యాసం ముగింపులో పెట్టావు. దాన్ని నడుమకు తీసుకురా. తెర మీద ప్రపంచమంతా గుర్తుపట్టే మెకెల్లెన్ ఆ తర్వాతే మొదలయ్యారు: 1995లో ‘రిచర్డ్ 3’, 1998లో ‘గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్’లో గే దర్శకుడు జేమ్స్ వేల్ పాత్ర, దానికి ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్, 61 ఏళ్ల వయసులో ‘ఎక్స్-మెన్’లో మాగ్నీటో పాత్ర, ఆ మరుసటి ఏడు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గాండాల్ఫ్ పాత్ర. ఆ పేరా చోటు మార్చి, తర్వాతి సినిమాలు మరోసారి చూసి, తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి