ఇస్తాంబుల్‌లో 8 గంటలు దొరికిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశా. ఇస్తాంబుల్‌లో ఫ్లైట్ మారడానికి 8 గంటల లేఓవర్ ఉంది అన్నా, బయటికెళ్లొచ్చి ట్రావెలాగ్ రాస్తా, ఏమేం కవర్ చెయ్యాలి అన్నావు. ఆ కవర్ చెయ్యడం అన్న మాట దగ్గరే నాకు భయమేసింది.

ముందు వీసా చూసుకో. మన పాస్‌పోర్ట్‌తో టర్కీ వీసా లేకుండా ఎయిర్‌పోర్ట్ దాటలేం, అమెరికాదో యూకేదో షెంగెన్‌దో వీసా చెల్లుబాటులో ఉంటే ఈ-వీసాకి అప్లై చేసుకోవచ్చు. ఇంక టైమంటావా, ఇమిగ్రేషన్ క్యూ, గైరెత్తెపె దాకా మెట్రో, అక్కడ లైన్ మారి వెజ్నెజిలెర్‌లో దిగి పాత ఊరు సుల్తానహ్మెత్ దాకా నడక, మళ్లీ ఇదంతా వెనక్కి, పైగా ఫ్లైట్‌కి ముందే చేరాలి కదా, అన్నీ పోగా ఊళ్లో నీకు మిగిలేది మూడు గంటలు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మూడు గంటల్లోనే బ్లూ మాస్క్ అనే మసీదు, భూగర్భంలో 336 స్తంభాల నీటి తొట్టి, గ్రాండ్ బజార్, ఆయా సోఫియా అన్నీ పరిగెత్తి చూసేశా. తిరిగొచ్చి పెద్ద వ్యాసం రాశా, నెల తర్వాత చదువుకుంటే ఒక్క వాక్యం కూడా అక్కడికి వెళ్లిన మనిషి రాసినట్టు లేదు, చింపేశా.

రెండోసారి ఆయా సోఫియా పై గ్యాలరీ ఒక్కటే. అక్కడ పాలరాతి పిట్టగోడ మీద ఎవడో ఉత్తర యూరప్ మనిషి వెయ్యేళ్ల కిందట వాళ్ల పాత రూనిక్ లిపిలో గీకిన గీతలున్నాయి, అందులో హాఫ్దాన్ అన్న పేరొక్కటే తెలుస్తుంది, మిగతాదంతా అరిగిపోయింది. 537లో జస్టినియన్ చక్రవర్తి కట్టించిన ఈ చర్చి 1453లో మసీదైంది, 1930ల్లో మ్యూజియం, 2020లో మళ్లీ మసీదు, ఇన్ని మారినా ఆ పేరు అక్కడే ఉంది. తన కాలపు చక్రవర్తి కాపలాకి వచ్చినోడేమో, తనకి అర్థంకాని భాషలో ప్రార్థన సాగుతుంటే కాళ్లు పీకి ఇల్లు గుర్తొచ్చి గీకాడేమో అని నా ఊహ, అలా ఊహించుకుంటూ గంటసేపు నిలబడిపోయా, నా వ్యాసం అక్కడ మొదలైంది.

నువ్వు మళ్లీ హాఫ్దాన్ గురించే రాయకు, అది నాకు దొరికింది. నీకు అరిగిన గుమ్మం దొరకొచ్చు, చెప్పుల అర దగ్గర కూర్చున్న ముసలాయన దొరకొచ్చు, దొరికిందాని దగ్గర ఆగు, ఫోన్ జేబులో పెట్టి నోట్‌బుక్ తియ్యి. వాసన, చల్లదనం, వినపడిన చప్పుడు అక్కడికక్కడే రాసుకో, తారీఖులు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు కానీ ఇవి మళ్లీ రావు. శుక్రవారం మధ్యాహ్నమైతే నమాజు వేళ టూరిస్టుల్ని మసీదుల్లోకి పంపరు, అప్పుడు ఎమినోను రేవుకెళ్లి అవతలి ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌కి ఫెర్రీ ఎక్కు, ఇరవై నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియాకి దాటేస్తావు, డెక్ మీద టీ తాగుతూ పక్కన కూర్చున్నవాళ్లని చూడు, వాళ్లకది రోజూ ఆఫీసుకెళ్లే దారి.

ఫ్లైట్ ఎక్కగానే నిద్రపోకుండా రెండు పేజీలు రాసెయ్. దిద్దకుండా, కొట్టివేతలతో సహా ఫొటో తీసి నాకు పంపు, ఎదురు చూస్తుంటా.

మీ అన్న